డిటెక్టర్‌కు గంధం

సోమవారం రాత్రి

మధ్యాహ్నం రొయ్యలు ఒలిచే షెడ్డులోంచి మేరీ అక్క పరుగున వచ్చింది. "తంబీ, ఘాటు వాసనొస్తా ఉండాది. యాడో గ్యాస్ లీకైనట్టుంది, చూడు." అలారం మోగలేదు కదక్కా అని నవ్వాను. అంతలో నాకూ తగిలింది.

గాలివాటు చూసి అందరినీ గేటు బయటికి పంపాం. నేనూ, మెషిన్లు చూసే మునిరత్నం మామా మాస్కులు తగిలించుకుని చిల్లర్ రూములోకి వెళ్లాం. చల్లదనానికి వాడే అమోనియా ట్యాంకు దగ్గర ఒక వాల్వు కారుతోంది. కట్టేశాం. మరి గ్యాస్ డిటెక్టర్ ఎందుకు అరవలేదు? చూస్తే దాని మూతి నిండా గంధం, పైన కుంకుమ. మొన్న ఆయుధపూజకు మెషిన్లన్నిటికీ బొట్లు పెట్టింది మామే.

"అదీ మెషినే కదప్పా. దాన్ని మాత్రం ఎట్ల విడిచేది?" అన్నాడు. కోపం ముంచుకొచ్చింది గానీ, గుడ్డ తెచ్చి ఆయనకే ఇచ్చాను. శుభ్రంగా తుడిచి, టెస్టు గ్యాసు పట్టాం. మోగింది.

డిటెక్టర్‌కు బొట్టు పెట్టొద్దని వచ్చే పూజకు ముందే మామకు చెప్పాలి. రేపటి నుంచి డిటెక్టర్ చూడకుండా షిఫ్టు మొదలుపెట్టకూడదు. అన్నీ సరే, నిద్ర మాత్రం రావడం లేదు. ఆ రొయ్యల కంపులో గ్యాస్ వాసన ముందుగా పట్టింది మేరీ అక్క ఒక్కతే.

నిన్నటిదాకా ఆమెకు జలుబు.