మా ఆయన ఒంటి మీద దెబ్బల్లేవు

క్యోటో, 1978 అక్టోబర్ 3

ఇవాళ కూడా మా ఆయన ఒంటి మీద ఒక్క దెబ్బ లేదు. నలభై ఏళ్ళుగా సినిమాల్లో కత్తివేటుకి పడిపోవడమే తొకుజో ఉద్యోగం. హీరో కత్తి ఊపుతాడు, ఈయన ఆఁ అని కూలతాడు. సాయంత్రం ఆ కమిలిన భుజానికి నేను మందుపట్టీ వేస్తాను. పట్టీల డబ్బా మూత తీసి వారమైంది. అడిగితే షూటింగుకే వెళ్తున్నానంటాడు.

అక్టోబర్ 6

స్నానాల గదిలో గుసగుసలు. తలుపుకి చెవి ఆనించాను. ముప్పై ఏళ్ళు పంతులమ్మగా చేసినదాన్ని, సిగ్గేమీ పడలేదు. నీ కోసమే ఇన్నాళ్ళూ కూర్చున్నాను, రా, అంటున్నాడు. నాతో ఇంత మెత్తగా ఎన్నడైనా మాట్లాడాడా? పెళ్ళిచూపుల్లో కూడా టీ చల్లారిందనే అన్నాడు.

అక్టోబర్ 7

పక్కింటి కినుయెకి చెప్పాను. అరవై ఎనిమిదేళ్ళ మోకాళ్ళేసుకుని ఎక్కడికి పోతాడు వదినా, నిజంగా ఎవత్తయినా ఉంటే మనమే మిఠాయి డబ్బా పట్టుకెళ్ళి, మా తలనొప్పి నెత్తినేసుకున్నావు తల్లీ అని చెప్పొద్దాం అని పకపకా నవ్వింది. నవ్వుతూనే, ఏ గొంతుతో అన్నాడని మూడుసార్లు అడిగింది.

అక్టోబర్ 9

కొత్త దువ్వెన కొన్నాడు. దువ్వడానికి ఏముందని?

అక్టోబర్ 12, ఉదయం

దొరికింది. స్నానాల గదిలో బోర్లించిన చెక్క తొట్టి కింద, ప్లాస్టిక్ సంచిలో కాగితాలు. ప్రేమలేఖలే అనుకున్నాను. కాదు, స్క్రిప్టు. ముసలి పడవవాడు: తొకుజో. కొడుకు యుద్ధం నుంచి తిరిగొస్తాడు. నీ కోసమే ఇన్నాళ్ళూ కూర్చున్నాను, రా. మొత్తం మూడు డైలాగులు. ఈయనకి డైలాగుంటుందని ఏ పెళ్ళాం అనుకుంటుంది?

సాయంత్రం

నిలదీశాను. టీ కప్పు పక్కన పెట్టాడు. పదిహేనేళ్ళ కిందట ఒక్క డైలాగు దొరికిందంటే ఎర్ర గింజలేసి పండగన్నం వండి వీధంతా పంచావు, ఎడిటింగులో ఆ సీను ఎగిరిపోయింది, ఏడాది పాటు తల దించుకుని నడిచాను, ఈసారి తెర మీద చూసే దాకా బియ్యం కడగకే, అన్నాడు.

లేచి ఎర్ర గింజల డబ్బాని నా చెయ్యి అందని పై అరలోకి తోశాను. 

1979 జనవరి 14

మనవరాలు సత్సుకిని తోడు తీసుకుని ఆ సినిమాకి వెళ్ళాను. మూడు మాటలూ ఉన్నాయి. నా కళ్ళు మాత్రం గట్టున రెల్లుపొద మీదే. అందులోంచి ఎవడో కత్తితో ఈయన మీదకి దూకుతాడనే చూస్తున్నాను. దూకలేదు. అమ్మమ్మా, అయిపోయింది లే, అంది సత్సుకి. దీపాలు వెలిగే దాకా బతికే ఉన్నాడు.

ఇంటికొచ్చి ఎర్ర గింజలు నానబోశాను. అయినా నమ్మకం కుదరడం లేదు. రేపు మళ్ళీ వెళ్ళి ఆ రెల్లుపొద చూడాలి.