తాత రెండో గోలి

కల్వకుర్తి, మంగళవారం

పొద్దున తాత వాకిట్లో కళ్లు తిరిగి పడ్డాడు. రోజుకొకటే మింగాల్సిన బీపీ గోలీలు రెండేసి మింగుతున్నాడట.

“ఏసుకున్నంక గూడ ఏసుకోలేదంటే పోరి మల్ల నీళ్లు తెచ్చి, మింగేదాక పక్కన కూసుంటది సారూ,” అని దవాఖానలో డాక్టరుకు నన్ను చూపిస్తూ నవ్వుతూ చెప్పాడు.

తాతకు విశ్రాంతి కావాలని బాపును ఒప్పించి గొర్రెలు అమ్మించింది నేనే. అంతకుముందు ఎవరి చేనులో మంద ఆపితే అక్కడే, తోటి కాపరులతో తాతకు బువ్వ, ముచ్చట్లు, నిద్ర. ఇప్పుడు మాట్లాడేదాన్ని నేనొక్కదాన్నే. అదీ ఒకటే మాట: గోలి వేసుకున్నావా?

ఇంటికి రాగానే బాపు గోలీలు బీరువాలో పెట్టి తాళం వేశాడు. “ఇగ ఫికర్ లేదు,” అన్నాడు.

అన్నం తిన్నాక ఒక్క గోలి ఇచ్చి లేచాను.

“జర కూసో బిడ్డా, ఇంకా మింగలే.”

నోరు తెరిపించి, నాలుక కింద కూడా చూశాను. ఏమీ లేదు, అప్పటికే మింగేశాడు. లైటు ఆర్పేసి వచ్చాను.