ఎడం చూశావా?

ప్రియమైన కోపాల అక్కకి,

"ఇక నీతో మాట్లాడను, ఏదున్నా రాసి పెట్టు" అన్నావుగా నిన్న. ఇదిగో, షెడ్డులో పనిముట్ల పెట్టె మీదే పెడుతున్నా. పొద్దున డ్యూటీకి వెళ్తూ చదువుకో.

నేను అబద్ధం ఆడలేదు. "గేర్లకి ఎడం చూశావా?" అని ఫోన్లో అడిగావు. చూశాననే చెప్పా. టార్చి వేసి మరీ చూశా. ఎడం వైపు గేర్‌బాక్స్ శుభ్రంగా ఉంది. పళ్ళూడింది కుడి వైపు దానికి! దాని సంగతి నువ్వడిగావా? పోటీ మధ్యలో మన రోబో ఒక్క చక్రం మీద గిరగిరా తిరుగుతుంటే జనం నవ్వింది నన్ను చూసి, నిన్ను కాదు. దానికే రిమోట్ లాక్కుని బావకిస్తావా? ఆదివారం పోటీలో నేనే నడుపుతా.

బడి మానేశాను గానీ బుర్ర మానెయ్యలేదు.

నీ తమ్ముడు

*

చిన్నోడా,

నీళ్ళు తాగుతూ చదివా, పొలమారింది. ఎడం అంటే ఎడమ వైపు కాదురా నాయనా! సందు. పంటికీ పంటికీ మధ్య కాస్త ఖాళీ. నువ్వేమో గేర్లని ఒకదానికొకటి నొక్కి బిగించేశావు. పైగా ముందుకు పరుగెడుతున్నదాన్ని ఠక్కున వెనక్కి లాగుతావు. పళ్ళు ఊడక ఏం చేస్తాయి?

ఈసారి గేర్ల మధ్య కాయితం ముక్క పెట్టి బిగించు. చేత్తో తిప్పితే ముక్క మడతలు పడి బయటికి రావాలి, చిరక్కూడదు. రెండు వైపులా! రెండంటే ఏంటని మళ్ళీ ఫోన్ చెయ్యకు.

రిమోట్ మాత్రం బావదే. ఇంకోసారి ఆగిపోతే ఈ ఏటికి మన ఆట ముగిసినట్టే.

అక్క

*

ప్రియమైన టీచరమ్మకి,

మొదటి ముక్క చిరిగింది. రెండోదీ అంతే. ఆ తర్వాతది విసనకర్రలా ముడుచుకుని వచ్చింది! ఇప్పుడు వేలితో తోస్తే చాలు, తిరుగుతోంది. కానీ కాసేపు నడిపితే బోల్టులు వదులై గేర్లు జరుగుతున్నాయి. వాటి కింద వదులవకుండా పట్టి ఉంచే వాషర్లు వేశా. నిన్నడగలేదు, తిట్టుకో.

బావ నడపడం చూశా. పెళ్ళైన కొత్తలో మనింట్లో నడిచినట్టే, అడుగు తీసి అడుగు వేస్తూ. నా చేతులు దురద పెడుతున్నాయి. ఒక్క ఆట, అక్కా.

నీ తమ్ముడు

*

చిన్నోడా,

కుదరదు. వాషర్లు బాగున్నాయి.

అక్క

*

ప్రియమైన మొండి అక్కకి,

అవతల జనంలో కూర్చుని ఇటు చూడనట్టు చూస్తున్నావు. అందుకే ఈ అట్టముక్క మీద రాసి బావ చేత పంపిస్తున్నా.

వరసగా అన్నీ గెలిచాం కదా! ఆట ఆటకీ మూత విప్పి చూస్తున్నా, ఒక్క పన్ను అరిగితే ఒట్టు. ఇక ఫైనలే. ఇందాక బావ రిమోట్ నా చేతిలో పెట్టి, "నువ్వు నడుపు బావమరిదీ. మీ అక్కకి నేను చెప్పుకుంటాలే, మహా అయితే నాక్కూడా ఉత్తరాలే" అన్నాడు. పట్టుకున్నా. ఎంత హాయిగా ఉందో! తిరిగిచ్చేశా. "పిచ్చా నీకు?" అన్నాడు.

పిచ్చి కాదక్కా. అందరూ చక్రాలు చూస్తుంటే నేను లోపలి చప్పుడు వింటున్నా. ఫైనల్లో నా చేతులు ఊరుకోవు, ఠక్కున లాగేస్తా. నా చేత్తో బిగించిన గేర్లని నా చేత్తోనే ఎలా విరగ్గొట్టుకోను?

ఇందాకటి ఆటలో సన్నగా ఏదో టిక్కుమంది. బావకి వినపళ్ళేదంట. బోల్టే అయ్యుంటుంది. ఫైనల్‌కి పిలిచేలోపు బిగించాలి, వెళ్తున్నా.

నీ తమ్ముడు