చెట్టు మీద నుంచి చూసిన ఊరు

21 ఏప్రిల్ 1962, శనివారం

మా ఆయన నెల రోజులుగా వేస్తున్న ఊరి బొమ్మను చూడటానికి సాయంత్రం హెడ్మాస్టరుగారు వచ్చారు. దాన్ని స్కూలు హాల్లో పెట్టించాలని డ్రాయింగు మాస్టారిగా ఈయన ఆశ. హెడ్మాస్టరుగారు చాలాసేపు చూసి, "బాగుంది కానీ ఇది మన నూజివీడు కాదు మాస్టారూ. చర్చిని ఆనుకుని కోట ఎక్కడైనా కనిపిస్తుందా?" అన్నారు. ఈయన తల వంచుకుని కుంచె తుడవసాగారు. నాకు మనసు చివుక్కుమంది.

అప్పుడే ఆవకాయకు కాయలు తెచ్చిన శాంతమ్మ గంప దించి దగ్గరికొచ్చింది. చిన్నప్పటి నుంచీ చెట్లెక్కి కాయలు కోసే మనిషి.

"మనూరేనండీ! మా తోటలో పెద్ద రసం చెట్టెక్కితే ఇట్టాగే కనపడుద్దండి. చర్చి, పక్కనే కోట, ఎనకాల మిల్లు గొట్టం. కింద నుంచుంటే ఆ గొట్టం కనపడదండి" అంది.

"ఆ మాట చెప్పరేం మాస్టారూ!" అని హెడ్మాస్టరుగారు నవ్వేసి, హాల్లో పెడదామన్నారు.

ఎందుకు చెప్పలేదో నాకు తెలుసు. నిరుడు చెట్టు మీద నుంచి పడి కాలు విరిగాక, ఇక ఎక్కనని నా చేతిలో చెయ్యేసి చెప్పారు.

ఏం కన్ను శాంతమ్మది! చదువుకున్నవాళ్ళం ఎవరం పోల్చుకోలేనిది ఒక్క చూపులో పట్టేసింది. ఈయన మీద కోపం తెచ్చుకుందామని బొమ్మ ముందు కూర్చున్నాను, రాలేదు. అన్ని పెంకుటిళ్ళ మధ్య మా వాకిట్లో ఆరేసిన నా నీలం చీర కూడా గోరంత ఉంది.

ఎడమ మూల ఇంకా తెల్లగానే ఉంది. అది పూర్తి కావాలంటే మళ్ళీ ఎక్కాలట. వద్దనలేకపోయాను. రేపు నిచ్చెన పట్టుకోవడానికి నేనూ వెళ్తున్నాను.