తల్లి వచ్చిన అరగంట

జనగామ,
19 ఫిబ్రవరి 2014.

నా పద్మలతకు,

నీ ఒళ్లు కుదురుగా ఉండాలని కోరుకుంటూ అమ్మమ్మ రాస్తున్నది. ఫోనులో చెబితే ‘సరే అమ్మమ్మా’ అని పెట్టేస్తావు. కాగితమైతే చివరిదాకా చదవక తప్పదు. నిన్న లోక్‌సభలో తెలంగాణ బిల్లు గట్టెక్కింది. పొద్దుటి నుంచి వీధిలో డప్పులు, రంగులు. ముప్పై ఏళ్లు బడిలో పాఠాలు చెప్పిన మనిషిని, నలుగురితో కలిసి నిలబడాల్సింది. తలుపు వేసుకుని కూర్చున్నాను. మేడారం జాతర నుంచి తెచ్చుకున్న అలసట ఇంకా దిగలేదు.

నీ ఆపరేషన్ అయి పదకొండు నెలలు. హైదరాబాదులో డాక్టరుగారు రోబో చేతులతో నీ పొట్టను కోడిగుడ్డంత సంచిగా చేసి పేగుకు కలిపారు. నూట పద్దెనిమిది కిలోల నుంచి డెబ్బై ఆరుకు వచ్చావు. షుగర్ గోళీలు ఆరో వారంలోనే ఆగాయి. మోకాళ్ల నొప్పి లేదు. జుట్టు సగం రాలింది, రక్తం తక్కువగా ఉంది, గట్టి ముద్ద గొంతు దిగదు. మంచీ చెడూ రెండూ వారం వారం రాసి డాక్టరుగారికి చూపించాను. ‘మీలాంటి మనిషి ప్రతి ఇంట్లో ఉండాలమ్మా’ అన్నారాయన. ఆ మాట ఇప్పుడు గుచ్చుకుంటున్నది.

నువ్వు కోలుకుంటే సమ్మక్క తల్లికి నిలువెత్తు బంగారం, అంటే నీ బరువంత బెల్లం, ఇస్తానని మొక్కింది నేను. తక్కెడలో ఒక పక్క నువ్వు, ఒక పక్క బెల్లం ముద్దలు. మీ అత్త సోమక్క మహబూబాబాద్ నుంచి చుట్టాలందరినీ వెంటేసుకొచ్చింది. పెళ్లైన ఈ ఎనిమిదేళ్లూ నిన్ను ‘వడ్ల బస్తా’ అని పిలిచిన మనిషి. మొక్కు తీరాక నేను బెల్లం విరిచి నీ నోటి దగ్గర పెట్టాను.

“వద్దమ్మమ్మా, తీపి ముట్టద్దన్నరు గద” అన్నావు.

“తల్లి ప్రసాదానికి డాక్టరేంది? నోరు తెరువు” అన్నాను.

తెరిచావు. మీ అమ్మ పోయినప్పటి నుంచి నిన్ను పెంచినదాన్ని. నేను ఏది పెడితే అది మింగడమే నీకు నేర్పాను.

పావుగంటలో నీకు చెమటలు పట్టాయి. చేతులు వణికాయి. కళ్లు తేలేసి, ఊగుతూ కూలబడ్డావు.

“శివమూగుతున్నదే! తల్లొచ్చింది!” అని ఎవరో కేక పెట్టారు. క్షణంలో జుట్టు విప్పి, ముఖానికి పసుపు పూశారు. మెడలో కండువా ఉన్నాయన ముందుకొచ్చి “తెలంగాణ వస్తదా రాదా తల్లీ? ఇయ్యాల తేల్చి చెప్పు” అని నిలదీశాడు.

“వస్తది, వస్తది. ముందు నన్ను జర పండుకోనియ్యుండ్రి” అన్నావు. జనం జై కొట్టారు. సోమక్క నీ పాదాల మీద పడి ఏడ్చింది.

అది తీపి చేసిన పని అని నాకు తెలుసు. తీపి తింటే చెమటలు, గుండెదడ, వణుకు వస్తాయని, వెంటనే పడుకోబెట్టాలని డాక్టరుగారు రాసిచ్చిన కాగితం నా సంచిలోనే ఉంది. అయినా అరగంట నోరు విప్పలేదు. సోమక్క తల నీ కాళ్ల దగ్గర ఉండటం నాకు బాగుంది. ఆ ముచ్చట కోసం నిన్ను ఎండలో ఊగనిచ్చాను.

వచ్చే మంగళవారం నిన్ను మహబూబాబాద్‌లో పీట మీద కూర్చోబెట్టి, బెల్లం తినిపించి, తల్లిని పిలుస్తారని నీ భర్త ఎల్లేశ్ చెప్పాడు. నువ్వు కాదనలేవు. ఇంకోసారి ఆ బెల్లం తింటే ఎక్కడ పడిపోతావో! నువ్వు భూపాలపల్లిలో మీ ఇంటి నుంచి కదలకు. రేపు నేనే మహబూబాబాద్ పోయి అందరి ముందూ నిజం చెబుతాను. ఆ తరువాత సోమక్క నిన్ను మళ్లీ బస్తా అంటే, ఆ పాపం నాది.

నీ అమ్మమ్మ,
వెంకటనర్సమ్మ.


జనగామ,
21 ఫిబ్రవరి 2014.

పద్మా, నా తల్లీ,

నిన్న రైలంతా బిల్లు ముచ్చటే. మహబూబాబాద్ దాకా నిలబడే పోయాను. సోమక్క వాకిట్లో మిరపకాయలు ఆరబోస్తున్నది.

“కూసో అత్తమ్మ, ఎండల వడి వచ్చినవ్. చాయ్ పెట్టాల్నా?”

డాక్టరుగారి కాగితం చేతికిచ్చి, “మేడారంలో వచ్చింది తల్లి కాదు సోమక్కా, బెల్లం పడక అట్లయింది. నాకు అప్పుడే తెలుసు” అన్నాను.

ఆమె కాగితం వైపు చూడలేదు. “నాకెర్కే. కాళ్ల మీద వడ్డప్పుడు నీ మనుమరాలే నా చెవుల జెప్పింది, ‘అత్తమ్మా, తల్లి గాదు, తీపి పడలే’ అని.”

“తెలిసి కూడా కాళ్లు వదలలేదేం?”

“తెలిసినంకనే గట్టిగ పట్టుకున్న. ఉత్తగ కోడలి కాళ్లు మొక్కితె ఊరు నవ్వదా అత్తమ్మ? ఎనిమిదేండ్లు నోటికొచ్చినట్టు అంటి. మాఫీ అడగనీకి నాకు ఇంకో తొవ్వ దొరకలే.”

మంగళవారం సంగతి అడిగాను. అది చుట్టాల ఉబలాటమట. ఆమె లేచి, గోడ అవతల ఉన్న తోడికోడలికి వినబడేటట్టు అరిచింది: “పీట గీట ఏం లేదే! జాతర అయిపాయె, తల్లి వనం వోయింది, మల్ల రెండేండ్లకు గాని రాదు!”

“అయ్యో, గంతేనా!” అన్నదామె. అక్కడితో ముగిసింది. నేను నిజం చెప్పబోతే సోమక్క చెయ్యి పట్టుకుని ఆపింది. నాకూ ఓపిక లేకపోయింది.

రైల్లో తిరిగి వస్తూ ఒకటే ఆలోచించాను. వణుకుతూ, స్పృహ తప్పబోతూ కూడా నువ్వు నిజం చెప్పావు. చెప్పింది నిన్ను బస్తా అన్న మనిషికి. రెండడుగుల దూరంలో నిలబడిన నాకు చెప్పలేదు. చెప్పినా విననని నీకు తెలుసు.

సోమక్కకు తల్లి చాటు దొరికింది. నేను ఏ చాటూ వెతుక్కోను. బడిలో ఎంతమంది పిల్లలచేతనో తప్పు ఒప్పుకుంటూ కాగితాలు రాయించాను. నా వంతు వచ్చేసరికి మూడు కాగితాలు చించాను. తప్పు నాది, పద్మా. నన్ను మన్నించు. కోపం పోకపోతే పోనివ్వకు. ఎన్నాళ్లుంచుకున్నా నేనేమీ అనను.

నీ
అమ్మమ్మ.