ముల్లు మీద ఫొటో

బావా,

తాళం తిప్పే ముందు ఇది చదువు. నిన్నటి గొడవ తర్వాత నా మాట నీ చెవికెక్కదని తెలిసే, కారు సీటు మీద పెట్టి వెళ్తున్నాను.

నువ్వు అడిగినట్టే ఇంజను వేడి తగ్గించాను. వేడినీళ్లని రేడియేటర్‌కి తొందరగా వదిలే థర్మోస్టాట్ వేశాను, పెద్ద రేడియేటర్ బిగించాను, వేడిగాలి పోవడానికి బానెట్‌కి సందులు కోశాను. మామూలు రోడ్డు మీద వేడి మీటరు ముల్లు సగం దాటలేదు. కార్ల పందెంలో ఎలా ఉంటుందో మాత్రం నేను పూచీ పడలేను. ముల్లు ఎర్రగీత వైపు కదిలితే హీటర్ పూర్తిగా పెట్టు. ఇంజను వేడి కొంత నీ కాళ్ల మీదకి వస్తుంది, ఓర్చుకో. అప్పటికీ దిగకపోతే పక్కకి తీసి ఆపెయ్.

పందెం ముందు మీ పాప ఫొటో అంటించుకుంటావని తెలుసు. ఎక్కడ అంటిస్తావో నిన్ననే చూశాను. సరిగ్గా వేడి మీటరు మీద! అడిగితే, "ముల్లు చూస్తే కాలు దానంతటదే బ్రేకు మీదకి పోతుంది, బామ్మర్దీ" అన్నావు. నీ ధైర్యం తగలెయ్య! పోయినసారి ఇంజను ఉడికిపోయి పొగలు కక్కిందంటే కక్కదా మరి?

ఈ సంగతి అక్కకి చెప్పలేదు. "బండికి ఇంక భయం లేదు కదరా?" అంది. "లేదక్కా" అన్నాను. అడిగింది బండి గురించే కదా అని సరిపెట్టుకున్నాను.

ఫొటో పారెయ్యలేదు. మీటరు పక్కనే, అంచుకి ఆనించి అంటించాను. ఇప్పుడు పాపని చూడాలంటే ముల్లుని కూడా చూడక తప్పదు.

నీ బామ్మర్ది