చేతిలో బొమ్మ ఉందా లేదా

జూన్ 8, ఆదివారం

ఇవాళ టేబుల్ దగ్గరికి కొత్త మనిషి వచ్చింది. హాస్పిటల్లో ఎక్స్‌రేలు తీస్తుందట. డ్రైవర్ గారి భార్య మోకాలు చూపించుకోవడానికి వెళ్తే పరిచయమైంది. ఆదివారమొస్తే మా ఆయన ఇంట్లో రాక్షసుల గొంతుతో మాట్లాడతాడని ఆవిడ చెప్పడం, అయితే నేనూ వస్తానండీ అని ఈమె అనడం, అన్నీ ఎక్స్‌రే టేబుల్ మీదే జరిగాయట. మాతో ఆడే ప్లంబరు అప్పుడే పేరు పెట్టేశాడు. ఎక్స్‌రే.

డ్రైవర్ గారు వారమంతా సిటీ బస్సు నడుపుతారు. ఆదివారం మధ్యాహ్నం తన భోజనాల బల్ల మీద మా ఆట నడుపుతారు. ఎక్స్‌రేకి ఓపిగ్గా చెప్పారు. ఇందులో గెలుపూ ఓటమీ లేవు. కథ నేను చెప్తాను. మీరు తలా ఒక మనిషి, ఆ మనిషికి బల్ల మీద ఒక చిన్న బొమ్మ. మీ మనిషి ఏం చేస్తాడో మీరు చెప్పాలి, అది కుదురుతుందో లేదో ఈ ఇరవై ముఖాల పాచిక చెప్తుంది. ఇరవై పడితే పండగ, ఒకటి పడితే కొంప మునిగినట్టే.

ఆ తర్వాత మా టేబుల్ చట్టం చెప్పారు. బొమ్మ చేతిలో ఉంటే మాట్లాడేది బొమ్మ. కింద పెడితే మాట్లాడేది మనం. ఒకసారి కథలో జరిగిన దొంగతనం గురించి ప్లంబరూ మా తమ్ముడూ నిజంగానే కాలర్లు పట్టుకున్నారు. అప్పట్నుంచీ ఈ చట్టం.

ఎక్స్‌రే పడవ నడిపే ఆడమనిషిగా ఉంటానంది. బొమ్మ లేదు. సీసా మూత ఇచ్చాం. నా సైనికుణ్ణి చేతిలోకి తీసుకుని ఎవరు చేశారని అడిగింది. నేనే అన్నాను. పళ్ళు కట్టే ల్యాబ్‌లో పని కదా, మిగిలిపోయిన యాక్రిలిక్‌తో చేశాను. అందుకే మావాడు నెత్తి నుంచి కాలి దాకా పంటి రంగులో ఉంటాడు. మా ల్యాబ్ లెక్కలో షేడ్ ఏ-టూ.

తను నవ్వింది. పై వరసలో ఒక పన్ను పక్కదాని మీదికి కొంచెం ఎక్కి ఉంది. సరిచెయ్యమని నా దగ్గరికి వచ్చినా నేను దాన్ని ముట్టుకోను.

జూన్ 10, మంగళవారం

సీసా మూతతో ఎవరైనా ఎన్నాళ్ళని ఆడతారు. లంచ్‌లో పడవావిడ బొమ్మ చేశాను. సూపర్‌వైజర్ చూసి ఇది ఏ పేషెంటుదని అడిగాడు.

జూన్ 15, ఆదివారం

ఎక్స్‌రేకి బొమ్మ ఇచ్చాను. థాంక్స్ కూడా చెప్పలేదు. ఆట అయ్యేదాకా గుప్పిట్లోంచి తియ్యలేదు.

ఇది ఎవరూ చదవరు కాబట్టి రాస్తున్నాను. ఈ ఆట మొదలుపెట్టి ఏళ్ళయింది. ఆడదాన్నై ఉండీ ప్రతిసారీ నేను మగవాడినే అవుతాను. కథలో ఎక్కడ సత్రం కనబడినా నా సైనికుడు వడ్డించే అమ్మాయికి మనసిచ్చేస్తాడు. అదో జోకు. అందరూ నవ్వుతారు, నేనూ నవ్వుతాను. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు.

నాకు ఆడవాళ్ళంటే ఇష్టం. ఎంత చిన్న వాక్యం. బయట ఎక్కడా అనలేదు. ఒకే ఫ్లాట్‌లో ఉంటూ, ఒకే కుక్కర్లో వండుకు తినే తమ్ముడితో కూడా అనలేదు. వాడు కళ్ళజోళ్ళ షాపులో పనిచేస్తాడు, టేబుల్ మీద గాయాలు మాన్పే వైద్యుడు. వాడి ఎదుటే ప్రతి ఆదివారం ఆ మాట అంటూనే ఉంటాను. పంటి రంగు మగవాడి నోటితో.

జూన్ 22, ఆదివారం

కథలో వరద. పడవావిడ మా సైనికుణ్ణి ఏరు దాటించింది. డబ్బు ఇవ్వబోతే వద్దంది. తిరిగొచ్చే వాళ్ళ దగ్గర తీసుకోనంది. బొమ్మ తన చేతిలోనే ఉంది, నేను చూశాను.

ప్రతి సత్రంలోనూ వాగే వాడు ఇవాళ నోరు మెదపలేదు. మన వీరుడికి ఏమైంది, నాలుక ఏట్లో పడిందా అని ప్లంబరు వేళాకోళం చేశాడు. తమ్ముడు నా వైపు చూశాడు. తర్వాత బిస్కెట్ల ప్లేటు వైపు చూశాడు.

జూన్ 23, సోమవారం

ఒక పెద్దాయన కింది సెట్టుకి పై పళ్ళు అమర్చాను. అంతా పీకి మళ్ళీ చేశాను.

జూన్ 29, ఆదివారం

ఇప్పుడు కథలో వాళ్ళిద్దరూ ఒక జంట. డ్రైవర్ గారు ఏటి ఒడ్డున చిన్న ఇల్లు కూడా ఇచ్చారు. కప్పు కారుతుందట. ఊరికే ఇస్తే ఆయన డ్రైవర్ గారెలా అవుతారు.

ఆట అయ్యాక ఎక్స్‌రే, నేను బస్ స్టాప్ దాకా నడిచాం. పొద్దస్తమానం గాలి పీల్చి ఆపండి, ఇక వదలండి అని చెప్పీ చెప్పీ, సాయంత్రానికి ఊపిరి వదలడం తనే మర్చిపోతుందట. ఉన్నట్టుండి అడిగింది, ఎప్పుడూ మగవాడిగానే ఎందుకు ఆడతావని. అలవాటన్నాను. అలాగా అంది. బస్సొచ్చింది, ఎక్కేసింది.

అలవాటట. అబద్ధమాడటం కూడా సరిగ్గా రాదు నాకు.

జూలై 2, బుధవారం

పెద్దమ్మ ఫోన్. ఎవరో డెంటిస్టు ఉన్నాడట, భార్య పోయిందట. ఇద్దరూ పళ్ళ మనుషులే కదే, మాట్లాడుకోవడానికి బోలెడుంటుంది అంది. పెద్దమ్మా, పళ్ళ గురించి ల్యాబ్‌లోనే సరిపోయేంత మాట్లాడుతున్నానన్నాను. నీతో వేగలేనమ్మా అని పెట్టేసింది.

జూలై 6, ఆదివారం

నా సైనికుడు చచ్చిపోయాడు.

వెంటపడ్డ శత్రువుల నుంచి పడవ తప్పించుకోవాలంటే ఎవరో ఒకరు వంతెన మీద నిలబడాలి. వాడు నిలబడ్డాడు. పాచిక వేశాను. ఒకటి. డ్రైవర్ గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఎన్నేళ్ళుగానో తనే వాణ్ణి చంపాలని చూస్తున్నారు, తీరా చచ్చాక సారీ అమ్మా అన్నారు. బొమ్మని పక్కకి పడుకోబెట్టాను. అది మా పద్ధతి. మనిషి పోతే వచ్చే వారం ఇంకో మనిషిగా రావాలి. చివరి మాట చెప్పమన్నారు. కప్పు బాగు చేయించుకో అన్నాను. ఎవరూ నవ్వలేదు.

అప్పుడు ఎక్స్‌రే అంది:

"ఈసారి నువ్వు ఎలా వచ్చినా గుర్తుపడతాను. మగవాడిగానే రావాలని లేదు."

ప్లంబరు ముక్కు చీదుకున్నాడు. డ్రైవర్ గారి భార్య టీ తెచ్చారు. అందరూ లేచారు, కుర్చీలు జరిపారు, అంతే.

నేను తన ముఖం వైపే చూస్తున్నాను. చేతి వైపు చూడలేదు. బొమ్మ చేతిలో ఉందా లేదా?

జూలై 7, సోమవారం

ఉంటే, పడవావిడ తన సైనికుడితో అన్న మాట అది. నాకేం సంబంధం లేదు. లేకపోతే, తను నాతో అంది.

ఎవరిని అడగను? ప్లంబరు నోట్లో నువ్వుగింజ నానదు. డ్రైవర్ గారిని అడిగితే ఎందుకని అడుగుతారు. తననే అడిగితే, బొమ్మ చేతిలోనే ఉందని తను అంటే, నేను ఆ బల్ల దగ్గరికి మళ్ళీ ఏ ముఖం పెట్టుకుని వెళ్ళను? నాకున్నది ఆ ఆదివారం ఒక్కటే. అదీ పోతుంది.

నాకు భయంగా ఉంది. అంతకన్నా ఎక్కువ ఆశగా ఉంది, అదే అసలు బాధ.

జూలై 9, బుధవారం

ఇంటి తాళాలు ఫ్రిజ్‌లో దొరికాయని తమ్ముడు తెచ్చిచ్చాడు. ఇంకేమీ అడగలేదు.

జూలై 12, శనివారం

రేపు ఆటకి కొత్త మనిషిగా వెళ్ళాలి. రెండు బొమ్మలు చేశాను. ఒకడు విలుకాడు, ఏ-టూ. రెండోది కమ్మరి పని చేసే ఆడమనిషి. ఆమెకి పంటి రంగు చాలలేదు, కట్టుడు పళ్ళ చిగుళ్ళకి వాడే గులాబీ రంగుతో చేశాను. రెండింటినీ వంటింటి గట్టు మీద పెట్టి గోడ మీద పిల్లిలా కూర్చున్నాను.

తమ్ముడు షాపు నుంచి వచ్చి విలుకాణ్ణి ఎత్తి చూశాడు, దించాడు. కమ్మరి ఆవిణ్ణి ఎత్తి చూశాడు, దించలేదు. నేను మాటల్లో మాటగా అడిగినట్టు అడిగాను, పోయిన వారం ఎక్స్‌రే ఆ మాట అన్నప్పుడు బొమ్మ చేతిలో ఉందా అని. ఏదో చట్టం కోసం అడుగుతున్నానని కూడా అన్నాను. గుమ్మడికాయల దొంగ అనకముందే భుజాలు తడుముకున్నాను.

వాడు సింకు దగ్గరికి వెళ్ళి చాలాసేపు చేతులు కడుక్కున్నాడు. నా వైపు తిరక్కుండానే చెప్పాడు.

"లేదక్కా. రెండు చేతులూ బల్ల మీద ఖాళీగా ఉన్నాయి. నీకు తప్ప అందరికీ కనబడింది."

అప్పుడు ఇటు తిరిగాడు.

"నువ్వు బొమ్మ ఎప్పుడు కింద పెడతావా అని నేనూ ఏళ్ళుగా చూస్తున్నా."

ఏడ్చాను. బాగా ఏడ్చాను. వాడికి ఏం చెయ్యాలో తోచక బ్రెడ్ కాల్చడం మొదలుపెట్టి మాడ్చాడు. నీకేమీ అనిపించట్లేదారా అని అడిగితే, అనిపిస్తోంది, నీ సైనికుడి ప్రేమల వల్ల ప్రతి సత్రంలోనూ మనల్ని బయటికి గెంటారు, నేను ఒక్క రాత్రి కూడా మంచం మీద పడుకోలేదు అన్నాడు. ఏడుస్తూనే నవ్వొచ్చింది. మాడిందే తిన్నాం.

జూలై 13, ఆదివారం, ఉదయం

కమ్మరి ఆవిణ్ణే తీసుకెళ్తున్నాను.

జూలై 13, ఆదివారం, సాయంత్రం

డ్రైవర్ గారు కొలిమి దగ్గర కథ మొదలుపెట్టారు. పడవావిడ తెగిన గొలుసు పట్టుకుని వచ్చింది. నా గులాబీ రంగు బొమ్మని చూసింది. ఎంతవుతుందంది. చెప్పాను. ఎక్కువంది. మధ్యాహ్నమంతా ఇదే, గొలుసులూ మేకులూ. తమ్ముడు సరిగా చూడలేదేమో అనుకున్నాను. కళ్ళజోళ్ళు అమ్మేవాడికి కళ్ళు బాగుండాలని ఎక్కడుంది.

ముగించే ముందు తను బొమ్మ చేతిలో పట్టుకుని, పడవావిడ గొంతుతో, మనం ఇంతకు ముందు ఎక్కడైనా కలిశామా అని అడిగింది. ఈసారి చేతినే చూశాను.

నా బొమ్మ నా చేతిలో ఉంది. అలాగే పట్టుకుని ఏదో ఒకటి అనేయొచ్చు. కమ్మరి ఆవిడ అంది, నేను కాదు అనుకోవచ్చు. ఇన్నేళ్ళూ చేసిందదే.

బొమ్మ కింద పెట్టాను. రెండు చేతులూ బల్ల మీద పెట్టాను.

"కలిశాం. అప్పుడు వేరేవాడి నోటితో మాట్లాడాను. ఇది నేను."

తను నా చేతుల వైపు చూసింది. మెల్లిగా తన బొమ్మ కూడా కింద పెట్టింది. కమ్మరి ఆవిడ పక్కనే. ఏం జరిగింది, పాచిక వెయ్యాలా అని ప్లంబరు అడిగాడు. దీనికి పాచిక అక్కర్లేదయ్యా అన్నారు డ్రైవర్ గారు. అని, అప్పుడే తాగిన టీ మళ్ళీ పెట్టమని భార్యని కేకేశారు. ఆవిడ వంటింట్లోంచి, నా మోకాలికి ఇన్నాళ్ళకి పుణ్యం దక్కిందన్నారు. మా తమ్ముడు పైకప్పు వైపు చూస్తూ కూర్చున్నాడు, దొంగవెధవ.

బస్ స్టాప్‌లో తను చెప్పింది. వారమంతా తనకి నిద్ర లేదట. తన ఖాళీ చేతులు నేను చూశానో లేదో తెలియదు. చూసి కూడా ఊరుకున్నానేమోనని భయం. ఇవాళ ధైర్యం చాలక మళ్ళీ బొమ్మనే పట్టుకుందట. నేను చూడలేదు, ముఖమే చూస్తూ ఉండిపోయానన్నాను. చాలాసేపు నవ్వింది. ఆ పన్ను కనబడింది.

బస్సొచ్చింది. ఎక్కలేదు. ఇంకొకటొచ్చింది. అదీ ఎక్కలేదు.

జూలై 20, ఆదివారం

కొలిమి దగ్గర మేకుల ధర మీద పెద్ద పోట్లాట. నా బొమ్మ నా కుడిచేతిలో, తన బొమ్మ తన ఎడమచేతిలో. బల్ల కింద ఉన్న చేతుల గురించి చట్టంలో ఏమీ లేదు.